బడి తెరిచిన మొదటి రెండు వారాలు: హైస్కూల్ ఫ్రెంచి క్లాసులో పిల్లల చేత మాట్లాడించడం ఎలా?

జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. అప్పటికి నెలన్నరకు పైగా పిల్లల చెవిన ఒక్క ఫ్రెంచి మాట పడి ఉండదు. ఇంగ్లిషో హిందీయో అయితే టీవీలో, ఫోన్లో, వీధిలో ఎక్కడో ఒకచోట వినిపిస్తూనే ఉంటుంది. ఫ్రెంచికి మన ఊళ్లలో తరగతి గది తప్ప వేరే చోటు లేదు. అందుకే తొమ్మిదో తరగతి పిల్లవాడు కూడా మొదటి రోజు మీరు ‘సా వా?’ (బాగున్నావా?) అని అడిగితే పక్కవాడి మొహం చూస్తాడు.

ఈ పరిస్థితిలో చాలామంది టీచర్లు చేసే పని, పాత వ్యాకరణం రివిజన్ మొదలుపెట్టడం. ఎత్ర్ (ఉండడం), అవ్వార్ (కలిగి ఉండడం) క్రియల పట్టికలు బోర్డు మీదకు ఎక్కుతాయి, పిల్లలు తలవంచుకుని నోట్‌బుక్కుల్లోకి ఎక్కిస్తారు. మొదటి వారమంతా ఒక్కరి గొంతు కూడా వినకుండానే అయిపోతుంది. ఆ మౌనం అలవాటైతే మార్చి దాకా అలాగే ఉంటుంది. కాబట్టి మొదటి రెండు వారాలకు ఒకే ఒక్క లక్ష్యం పెట్టుకోండి: ప్రతి పిల్లా పిల్లవాడూ రోజూ తన గురించి కనీసం ఒక్క నిజమైన వాక్యం, ఇంకొకరితో, ఫ్రెంచిలో చెప్పాలి. కింద చెప్పే పనులన్నీ దీనికోసమే.

ఈ వ్యాసంలో ఫ్రెంచి మాటలను తెలుగు లిపిలోనే రాస్తున్నాను. ముక్కుతో పలికే అచ్చులకు అరసున్న పెట్టాను, ‘బోఁజూర్’ (నమస్కారం)లో లాగా. అరసున్న ఉన్నచోట న గానీ మ గానీ నాలుకతోనో పెదవులతోనో పలకకూడదు, గాలి ముక్కులోంచి పోవాలి, అంతే. తెలుగు చదవడం వచ్చిన పిల్లలకు బోర్డు మీద కూడా ఇలాగే రాసి చూపించవచ్చు. మొదటి వారాల్లో బాగా పనికొస్తుంది.

బడి తెరవకముందు

మూడు విషయాలు కనుక్కోండి. మొదటిది, క్లాసులో ఎంతమంది పాతవాళ్లు, ఎంతమంది కొత్తవాళ్లు. తొమ్మిదో తరగతిలో భాష మార్చుకుని ఫ్రెంచికి వచ్చేవాళ్లు మన దగ్గర ప్రతి ఏడాదీ ఉంటారు. ఆరో తరగతి నుంచి చదువుతున్నవాడి పక్కన అక్షరం కూడా రానివాడు కూర్చుంటాడు. రెండోది, వారానికి ఎన్ని పీరియడ్లు, అవి రోజులో ఎప్పుడు. భోజనం తర్వాతి పీరియడ్ అయితే లేచి తిరిగే పనులు అప్పుడు పెట్టండి. మూడోది, మీ గది. భాషల పీరియడ్‌కు సెక్షన్లు విడిపోయి ఫ్రెంచివాళ్లు వేరే గదికి వెళ్లే పద్ధతి చాలా బడుల్లో ఉంది. అలాంటప్పుడు గోడకు చార్టులు అంటించే వీలుండదు. అంటించాల్సినవన్నీ ఒక పెద్ద అట్ట మీద అంటించి చంకలో పెట్టుకుని వెళ్లండి.

సామాను పెద్దగా ఏమీ అక్కర్లేదు. ఎ4 కాగితాలు, స్కెచ్ పెన్నులు, చీటీలు. ప్రొజెక్టర్ ఉంటే మంచిదే, కానీ ఇక్కడ చెప్పేవాటిలో దేనికీ అవసరం లేదు.

కొత్తవాళ్లను పాతవాళ్లతో జతచేసే జాబితా కూడా ముందే రాసి పెట్టుకోండి. ఫ్రాన్సు బడుల్లో, కాలేజీల్లో కొత్తగా చేరినవాళ్లకు తోడుగా ఉండే పెద్దవాడిని ‘పారేఁ’, పెద్దమ్మాయిని ‘మారెన్’ అంటారు. మీ క్లాసులోనూ అదే పేరు వాడండి. పాత పిల్లలకు అది ఒక హోదాలా అనిపిస్తుంది. అయితే క్లాసు ఫస్టు వచ్చే పిల్లలనే ఎంచుకోవద్దు. మధ్యస్థంగా చదివి, ఓపికగా మాట్లాడే పిల్లలు ఈ పనికి చాలా మెరుగు.

మొదటి రోజు: గుమ్మం దగ్గర, ఆ తర్వాత పేర్లు

గది లోపల నిలబడవద్దు, గుమ్మం దగ్గర నిలబడండి. లోపలికి వచ్చే ప్రతి ఒక్కరికీ ‘బోఁజూర్, సా వా?’ అనండి. తలుపు పక్కన ఒక కాగితం మీద మూడు జవాబులు పెద్ద అక్షరాలతో అంటించి ఉంచండి: ‘త్రే బియేఁ’, ‘సా వా’, ‘పా త్రో’. బాగున్నాను, పర్వాలేదు, అంత బాలేదు. ఏదో ఒకటి చెప్పాకే లోపలికి. చూసి చదివినా సరే. ముప్పైమందికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది, ఆ రోజు అందరి నోటినుంచీ ఒక మాట వచ్చేసినట్టే. రెండు వారాల పాటు రోజూ ఇది చేయండి, మూడో రోజు నుంచి కాగితం తీసేయండి.

లోపలికి వచ్చాక ఒక్కొక్కరికీ ఎ4 కాగితం ఇచ్చి అడ్డంగా మడిచి బల్ల మీద నిలబెట్టమనండి. ముందువైపు పేరు. వెనకవైపు, అంటే తమకు కనబడే వైపు, ‘జ మాపెల్...’, ‘జే... ఆఁ’, ‘జెమ్...’ అని మూడు వాక్యాల మొదళ్లు: నా పేరు, నా వయసు, నాకిష్టం. మాట్లాడేటప్పుడు మర్చిపోతే తమ కార్డు చూసుకోవచ్చు. ఇది కాపీ కాదని స్పష్టంగా చెప్పండి. ఏమీ రానివాళ్లకు ఈ ఆసరా ఇస్తే టెన్షన్ సగం తగ్గిపోతుంది.

కొందరు టీచర్లు పిల్లలకు ‘మరీ’, ‘పియేర్’ లాంటి ఫ్రెంచి పేర్లు పెట్టి ఏడాదంతా అలాగే పిలుస్తారు. నాకు అది నచ్చదు. సొంత పేరుతో ఫ్రెంచి మాట్లాడినప్పుడే అది తన భాషల్లో ఒకటి అవుతుంది. దానికి బదులు ఈ ఆట ఆడించండి: నీ పేరు ఇంగ్లిషు అక్షరాల్లో రాసి ఉంటే, భారతదేశం గురించి ఏమీ తెలియని ఫ్రెంచి మనిషి దాన్ని ఎలా చదువుతాడు?

ముందు మీరు రెండు ఉదాహరణలు చెప్పండి. హరిణి అక్కడ ‘అరినీ’ అవుతుంది, ఎందుకంటే ఫ్రెంచిలో హెచ్ పలకదు. చరణ్ ‘షారాఁ’ అవుతాడు, సి-హెచ్ కలిస్తే ష, చివరి ఎ-ఎన్ ముక్కులోకి వెళ్తుంది. రాము ‘రామ్యు’. ఇక సాయి అయితే ‘సే’ అంతే, ఎ-ఐ కలిస్తే ఏ. ప్రతి క్లాసులో ముగ్గురు నలుగురు సాయిలు ఉంటారు కాబట్టి ఇక్కడ నవ్వులు ఖాయం. తర్వాత జంటలుగా కూర్చోబెట్టి ఒకరి పేరు ఇంకొకరు ఫ్రెంచిలా చదవమనండి. పది నిమిషాల్లో హెచ్, సి-హెచ్, ఎ-ఐ, ఎ-ఎన్, యు అక్షరాల ఉచ్చారణ సూత్రాలన్నీ వాళ్ల పేర్లలోంచే బయటికి వస్తాయి. పాఠం పెట్టి చెబితే మర్చిపోతారు, పక్కవాడి పేరుతో వచ్చినది మర్చిపోరు. ఆట అయిపోగానే అందరినీ అసలు పేర్లతోనే పిలవండి.

మరుసటి రోజు అదే పేర్లతో స్పెల్లింగ్. ‘కొమాఁ సా సేక్రి?’ అంటే అది ఎలా రాస్తారు అని. ఒకరు తన ఇంటిపేరు అక్షరం అక్షరం ఫ్రెంచిలో చెప్పాలి, ఇంకొకరు రాయాలి. ఇక్కడ అందరూ తడబడే చోటు ఒకటుంది: ఇంగ్లిషు జి అక్షరాన్ని ఫ్రెంచిలో ‘జే’ అంటారు, జె అక్షరాన్ని ‘జి’ అంటారు. సరిగ్గా తిరగబడి ఉంటాయి. గొల్లపూడి, జంధ్యాల లాంటి ఇంటిపేర్లున్న పిల్లలను ముందు లేపండి. ఇ అక్షరం ‘అ’కు దగ్గరగా, ఐ అక్షరం ‘ఈ’గా పలుకుతాయన్నది రెండో చిక్కు. వై ‘ఇగ్రెక్’, డబ్ల్యు ‘దూబ్ల్ వే’. ఇంకో చిన్న సంగతి, ఫ్రెంచి ఫారాల్లో చాలాసార్లు ఇంటిపేరే ముందు, అదీ పెద్ద అక్షరాల్లో రాస్తారు. మనవాళ్లకు ఇది కొత్తేమీ కాదు.

మూడో రోజు: ఎవరో కనుక్కో

‘త్రూవ్ కెల్కేఁ కి...’ అనే ఆట మీరు చూసే ఉంటారు. గడులున్న కాగితం ఇస్తారు, ఒక్కో గడిలో ఒక్కో విషయం. పిల్లలు గదంతా తిరిగి ఆ పని చేసినవాళ్లను వెతికి సంతకం పెట్టించుకోవాలి. ఆట పాతదే. కానీ చాలా క్లాసుల్లో ఇది సంతకాల సేకరణగా మిగిలిపోతుంది, ఎవరూ ఫ్రెంచి మాట్లాడరు. అలా కాకుండా ఉండాలంటే గడుల్లో ఏం రాస్తున్నారో, నియమాలు ఏం పెడుతున్నారో జాగ్రత్తగా చూసుకోవాలి.

గడులు తొమ్మిది చాలు. అందరికీ వర్తించేవి వద్దు. ‘మామిడిపండు తిన్నావా?’ అని పెడితే మొదటి మనిషి దగ్గరే గడి నిండిపోతుంది. ఎవరికీ వర్తించనివీ వద్దు. మధ్యలో ఉండేవి కావాలి: రైలెక్కినవాళ్లు, సముద్రం చూసినవాళ్లు, డాబా మీద పడుకున్నవాళ్లు, ఆవకాయ కలిపేటప్పుడు సాయం చేసినవాళ్లు, ఈత నేర్చుకున్నవాళ్లు, పెళ్లికి వెళ్లినవాళ్లు, పొద్దున పదింటిదాకా లేవనివాళ్లు, ఏదో ఒకటి వండడం నేర్చుకున్నవాళ్లు, తమ్ముడితోనో చెల్లితోనో కొట్లాడినవాళ్లు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ‘సెలవులకు ఎక్కడికి వెళ్లారు?’ అనే ప్రశ్న క్లాసంతటికీ వేయకండి. సింగపూర్ వెళ్లొచ్చిన పిల్లలుంటారు, ఇల్లు కదలని పిల్లలూ ఉంటారు. రెండోవాళ్లు ఆ రోజు నోరు మూసుకుంటే మళ్లీ తెరవడం కష్టం. తినడం, నిద్రపోవడం, కొట్లాడుకోవడం లాంటివి ఎవరి దగ్గర డబ్బున్నా లేకపోయినా జరిగేవే.

నియమాలు: ప్రశ్న మొత్తం అడగాలి, జవాబు మొత్తం చెప్పాలి. ‘త్యు ఆ ప్రీ ల త్రేఁ?’ (నువ్వు రైలెక్కావా?) అని అడిగితే ‘వుయ్, జే ప్రీ ల త్రేఁ’ అని పూర్తి వాక్యం వస్తేనే సంతకం. ఒకే మనిషి దగ్గర ఒకే సంతకం. కాగితం చూపించి వేలుపెట్టడం కుదరదు. సమయం పన్నెండు నిమిషాలు. కొత్తగా చేరినవాళ్లకు వేరే కాగితం ఇవ్వండి, అందులో వర్తమాన కాలమే ఉండాలి: ‘త్యు ఆ ఏఁ ఫ్రేర్?’, ‘త్యు ఎమ్ ల క్రికెత్?’ నీకు అన్నో తమ్ముడో ఉన్నాడా, నీకు క్రికెట్ ఇష్టమా. దూరం నుంచి చూస్తే రెండు కాగితాలూ ఒకేలా కనబడాలి, ఎవరిది సులువైన కాగితమో ఎవరికీ తెలియనక్కర్లేదు.

అసలు లాభం ఆట అయ్యాక ఉంది. కూర్చోబెట్టి అడగండి: ‘కి ఆ ప్రీ ల త్రేఁ?’ ఎవరు రైలెక్కారు? ఇప్పుడు ‘జే ప్రీ’ కాస్తా ‘సాయి ఆ ప్రీ’గా మారాలి. అవ్వార్ క్రియ రూపాలు పట్టిక రాయకుండానే వచ్చేశాయి. ‘ఎ అలే’ (వెళ్లాడు), ‘ఆ మాఁజే’ (తిన్నాడు) తేడా, అంటే ఏ క్రియకు ఎత్ర్, ఏ క్రియకు అవ్వార్ అన్నది కూడా ఇక్కడే పలకరించి వదిలేయండి. రాతలో ఆడ, మగ మార్పు గురించి ఇప్పుడే బెంగ వద్దు. ‘అలే’ అన్నది రాతలో మారినా మాటలో ఒకటే.

పిల్లలు తప్పుగా మాట్లాడుతుంటే మధ్యలో ఆపవద్దు. ఒక చీటీ మీద విన్న తప్పులు రాసుకోండి, ఎవరివో రాయవద్దు. ఆఖరి ఐదు నిమిషాల్లో మూడింటిని బోర్డు మీద పెట్టి క్లాసు చేతే సరిచేయించండి.

పక్క క్లాసు టీచర్ ఫిర్యాదు చేస్తారనే భయం ఉంటుంది. ముందు రోజే స్టాఫ్ రూమ్‌లో చెప్పి పెట్టుకోండి. గొంతు తగ్గించడానికి ఒక సైగ కూడా ముందే నేర్పండి, మీరు చెయ్యి పైకెత్తితే చూసినవాళ్లు మాట ఆపి తామూ ఎత్తాలి. అరవడం కన్నా ఇది త్వరగా పనిచేస్తుంది.

పదో తరగతివాళ్లకు దీని తర్వాత ‘ద వేరితే, ఏఁ మాఁసోఁజ్’ పెట్టవచ్చు, రెండు నిజాలు, ఒక అబద్ధం. ముందు మీ గురించి మూడు వాక్యాలు చెప్పి అబద్ధం ఏదో కనుక్కోమనండి. టీచర్ గురించి తెలుసుకోవాలని పిల్లలకు ఎంత ఆత్రమో అప్పుడు చూడాలి.

శని ఆదివారాల పని: వీధిలో ఫ్రెంచి

మొదటి వారాంతంలో వ్యాకరణం హోమ్‌వర్క్ ఇవ్వకండి. ఇది ఇవ్వండి: బస్సులోనో బండి మీదో వెళ్తూ బోర్డుల మీద, ప్రకటనల్లో, శుభలేఖల్లో కనబడే ఫ్రెంచి మాటలు పది రాసుకుని రండి.

ఎక్కడుంటాయి అని అడుగుతారు. ఆర్టీసీ డిపో దగ్గర మొదలుపెట్టమనండి. డిపో ఫ్రెంచి మాటే, ఇంగ్లిషు మీదుగా మన దాకా వచ్చింది. బఫే, బొకే, మెనూ, కూపన్, గ్యారేజీ, రెస్టారెంట్, బొటీక్, కేఫ్, సూప్ కూడా అలా వచ్చినవే. సోమవారం ఆ మాటలను ఇంగ్లిషు అక్షరాల్లో బోర్డు మీద రాయించి ఒక్కటే ప్రశ్న అడగండి: డిపో, బఫే, బొకే చివర ఏ అక్షరం ఉంది, అది పలుకుతున్నామా? టి ఉంది, పలకడం లేదు. ఫ్రెంచిలో పదం చివరి హల్లు సాధారణంగా పలకదన్న సూత్రం పిల్లలే చెప్పేస్తారు. బస్సు డిపో పేరును ఇన్నేళ్లుగా ఫ్రెంచి పద్ధతిలోనే పలుకుతున్నామని తెలిసినప్పుడు వాళ్ల మొహాలు చూడండి. మినహాయింపులు అడిగే చురుకైన పిల్ల ఒకరుంటారు. సి, ఆర్, ఎఫ్, ఎల్ అక్షరాలు చివర వస్తే తరచుగా పలుకుతాయని, ‘అవెక్’, ‘అవ్రిల్’ ఉదాహరణలుగా చెప్పండి. అంతకు మించి లోతుకు వెళ్లకండి.

మన నోటికి ఉన్న వరం, ఉన్న చిక్కు

ఉచ్చారణ గురించి రోజూ ఐదేసి నిమిషాలు. ఇక్కడ మన పిల్లలకు ఒక గొప్ప సౌకర్యం ఉంది, కానీ టీచర్లు దాన్ని వాడుకోవడం తక్కువ. ఫ్రెంచి త, ద పళ్ల దగ్గర పలుకుతాయి, అచ్చం మన త, ద లాగే. ఫ్రెంచి ప, త, క లలో ఇంగ్లిషు వాళ్ల మాటలో లాగా గాలి ఊదడం ఉండదు, అవీ మన ప, త, క లే. పిల్లలు ఇంగ్లిషు అక్షరం చూడగానే ట, డ అంటారు, చిక్కల్లా అక్కడే. ‘ట కాదు, త’ అని ఒక్కసారి చెబితే సగం యాస దిద్దుకుంటుంది. ‘తాబ్ల్’, ‘తేత్’, ‘దిమాఁష్’ అని గుంపుగా పలికించండి.

చిక్కులు మూడు. ఒకటి, తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి, అందుకని ‘బోఁజూర్’ మన నోట్లో ‘బోంజూరు’ అవుతుంది. బస్సు, కారు అన్న అలవాటు ఇది. చివరి ఉ కారం కత్తిరించడం ఆటగా చేయండి, అన్నవాళ్లు ఒకసారి చప్పట్లు కొట్టాలి. రెండు, ‘త్యు’లోని అచ్చు. ఈ అని పలుకుతూ, నాలుక కదపకుండా, పెదవులను మాత్రం ఊ అన్నట్టు గుండ్రంగా చుట్టమనండి. చిన్న అద్దం తెచ్చి చేతులు మార్పించండి. మూడు, ‘జ’. మన జ కాదు, ఇంగ్లిషు ‘ప్లెజర్’లో వినిపించేది. దీనికి రెండు వారాలు చాలవు, జులై అంతా సాధన చేయించాలి.

త్యు, వు: ఇది మనకు నేర్పక్కర్లేదు

ఇంగ్లిషు మాత్రమే వచ్చిన పిల్లలకు రెండు రకాల ‘నువ్వు’ ఎందుకో వివరించాలంటే ఒక పీరియడ్ పోతుంది. త్యు అంటే నువ్వు, వు అంటే మీరు. ఈ తేడా తెలిసిన మన పిల్లలకు వివరణే అక్కర్లేదు. నేరుగా చీటీలకు వెళ్లండి. ఒక్కో చీటీ మీద ఒక మనిషి: ప్రిన్సిపాల్, కొత్తగా చేరిన క్లాస్‌మేట్, బస్సు కండక్టర్, మూడేళ్ల చెల్లి, నాన్న, తాతయ్య, పక్కింటి ఆంటీ. చీటీ తీసినవాళ్లు ఆ మనిషిని పలకరించి, పేరో క్షేమమో అడగాలి.

నాన్న చీటీ వచ్చినప్పుడు ఆగండి. చాలా ఇళ్లలో నాన్నను మీరు అంటాం, అమ్మను నువ్వు అంటాం. ఈ రోజు ఫ్రాన్సులో దాదాపు అందరూ అమ్మానాన్నలిద్దరినీ, తాతయ్యలను కూడా ‘త్యు’ అనే అంటారు, అది అమర్యాద కాదు. టీచర్‌ను మాత్రం ‘వు’ అనాలి. కొట్లోకి వెళ్తే ముందు ‘బోఁజూర్’ అనకుండా సరుకు అడగడం అక్కడ పెద్ద అమర్యాద. మన దగ్గర కిరాణా కొట్లో ఎవరూ నమస్కారం పెట్టి పప్పు అడగరు కాబట్టి పిల్లలకు ఇది వింతగా ఉంటుంది. కొట్టువాడు, కొనేవాడుగా ఒక చిన్న నాటకం వేయించండి. బోఁజూర్ చెప్పనివాడికి సరుకు లేదు.

లా రాఁత్రే: అక్కడి పిల్లలు బడికి వెళ్లే రోజు

రెండో వారంలో ఒక పీరియడ్ ఫ్రాన్సు బడికి ఇవ్వండి. అక్కడ వేసవి సెలవులు సుమారు రెండు నెలలు, దేశమంతా సెప్టెంబరు మొదట్లో ఒకే రోజున బడికి తిరిగి వెళ్తుంది. దాన్నే ‘లా రాఁత్రే’ అంటారు.

పిల్లలకు అన్నిటికన్నా నచ్చేది తరగతుల లెక్క. మన ఆరో తరగతి వయసు పిల్లలు అక్కడ ‘సిజియెమ్’లో ఉంటారు, అంటే అదీ ఆరే. ఆ తర్వాత మనం పైకి లెక్కపెడతాం, వాళ్లు కిందికి లెక్కపెడతారు. ఏడు వాళ్లకు ‘సేఁకియెమ్’ అంటే ఐదు, ఎనిమిది ‘కాత్రియెమ్’, తొమ్మిది ‘త్రువాజియెమ్’. అక్కడితో ‘కొలేజ్’ అయిపోయి ‘లీసే’ మొదలు. మన పదో తరగతి ‘సగోఁద్’, ఇంటర్ మొదటి ఏడాది ‘ప్రమియేర్’, రెండో ఏడాది ‘తెర్మినాల్’. చివర బాకలోరియా పరీక్ష, 1808లో నెపోలియన్ కాలంలో ఏర్పాటైంది. కొలేజ్ అంటే మన కాలేజీ కాదని రెండుసార్లు చెప్పండి, ఎలాగూ పొరబడతారు.

బోర్డు మీద రెండు నిచ్చెనలు గీసి, ఒక్కొక్కరూ వచ్చి ‘జ స్వీ ఆఁ త్రువాజియెమ్’ అంటూ తమ మెట్టు దగ్గర పేరు రాయాలి. తర్వాత తమ్ముడు, అక్క ఎక్కడున్నారో చెప్పాలి.

మార్కులు 20కి వేస్తారు, 10 వస్తే ‘మ్వాయెన్’, అంటే సగటు గీత. నిరుటి మార్కులను 20కి మార్చుకోమనవచ్చు, కానీ బయటికి చదివించవద్దు, ఎవరి నోట్‌బుక్‌లో వాళ్లే చూసుకోవాలి. దానికన్నా టైమ్‌టేబుల్ మంచిది. చాలా కొలేజ్‌లలో బుధవారం మధ్యాహ్నం క్లాసులు ఉండవు. మిగతా రోజుల్లో సాయంత్రం ఐదింటి దాకా కూడా ఉండవచ్చు, భోజనానికి గంట, అంతకన్నా ఎక్కువే దొరుకుతుంది. సమయం 24 గంటల పద్ధతిలో చెబుతారు. పిల్లల చేత తమ టైమ్‌టేబుల్‌ను ఫ్రెంచిలోకి మార్పించి, సాయంత్రం ట్యూషన్లు కూడా అందులో పెట్టించండి. ‘లేఁది, ఆ దిజుయితర్, జే మాత్’, సోమవారం 18 గంటలకు నాకు లెక్కలు. పగలూ సాయంత్రమూ కలిసిన ఆ కాగితం నిజమైన ఎదుటి మనిషికి చూపించదగ్గది.

మన నేల మీది ఫ్రెంచి జాడలు

‘ఈ భాష మాకెందుకు?’ అన్న ప్రశ్న పిల్లలు వేస్తారు. మార్కులు బాగా వస్తాయని తీసుకున్నవాళ్లు చాలామంది, అందులో తప్పేమీ లేదు. కానీ మార్కులకన్నా దగ్గరి జవాబు తెలుగు నేల మీదే ఉంది. నలుగురేసి పిల్లలను బృందాలుగా చేసి ఒక్కో చోటు ఇవ్వండి.

యానాం, గోదావరి పాయ ఒడ్డున, కాకినాడకు దగ్గరలో, తెలుగు మాట్లాడే ఊరు. 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది, 1962లో చట్టపరంగా భారతదేశంలో కలిసింది. ఇప్పటికీ పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. మచిలీపట్నంలో ఫ్రెంచివాళ్లు 1669లో వర్తక స్థావరం పెట్టారు, ఫ్రెంచిపేట అన్న పేరు అక్కడ ఇంకా ఉంది. 1757 బొబ్బిలి యుద్ధంలో కోట ముందు ఫిరంగులతో నిలిచినవాడు ఫ్రెంచి సేనాని బుస్సీ. హైదరాబాదులో నిజాం కొలువులో సైన్యాధికారిగా పనిచేసిన రేమండ్ 1798లో చనిపోయాడు, ఆయన సమాధి మలక్‌పేట వైపు గుట్ట మీద ఉంది. దగ్గరే ఉన్న మూసారాంబాగ్‌కు ఆయన పేరు మీదే ఆ పేరు వచ్చింది.

బృందం నాలుగే వాక్యాలు చెప్పాలి: ఇది ఏమిటి, ఎక్కడుంది, ఏ సంవత్సరం, మాకు ఎందుకు నచ్చింది. సంవత్సరం అంకెల్లో కాదు, మాటల్లో చెప్పాలి. ఈ పనిలో అసలు సాధన అదే. ఫ్రెంచిలో డెబ్బై అంటే అరవై పది, ఎనభై అంటే నాలుగు ఇరవైలు, తొంభై ఎనిమిది అంటే నాలుగు ఇరవైల పద్దెనిమిది. రేమండ్ బృందం 1798ని ‘మిల్ సెత్ సాఁ కాత్ర్ వేఁ దిజుయిత్’ అనగలిగిందంటే ఆ నలుగురికీ అంకెల భయం పోయినట్టే. బొబ్బిలి వాళ్లకు 1757 సులువు, కాబట్టి కొత్తగా చేరినవాళ్లను ఆ బృందంలో వేయండి. ఊళ్లో తాతయ్యలు, నానమ్మలు చెప్పిన సంగతులుంటే చేర్చుకోనివ్వండి. యానాంలో చుట్టాలున్న పిల్ల క్లాసులో ఉంటే ఆ రోజు ఆమెదే.

జూన్ 21

బడి తెరిచిన పది రోజుల్లోపే వచ్చే పండగ ఇది. 1982లో ఫ్రాన్సు సాంస్కృతిక శాఖ మొదలుపెట్టిన ‘ఫెత్ ద లా మ్యుజీక్’ రోజున వీధుల్లో ఎవరైనా వాయించవచ్చు, పాడవచ్చు. మన బడుల్లో అదే రోజు యోగా దినోత్సవం, కాబట్టి ఒక రోజు ముందు పెట్టుకోండి. ఒక ఫ్రెంచి పాట పల్లవి నేర్పి పాడించండి, వాయిద్యం వచ్చినవాళ్లు తెచ్చుకోవచ్చు. ఒక్క పీరియడ్‌తో సరిపెట్టండి.

ఐదు మాటలు ఫ్రెంచిలోనే

మూడో రోజు నుంచి ఐదు అవసరాలు ఫ్రెంచిలో అడిగితేనే తీరతాయని చెప్పండి. నాకర్థం కాలేదు: ‘జ న కొఁప్రాఁ పా’. మళ్లీ చెప్పండి: ‘వు పువే రేపేతే, సిల్ వు ప్లే?’. దీన్ని ఫ్రెంచిలో ఏమంటారు: ‘కొమాఁ ఓఁ ది...?’. బయటికి వెళ్లొచ్చా: ‘జ ప సోర్తీర్?’. అయిపోయింది: ‘జే ఫినీ’. అట్ట మీద రాసి బోర్డు పక్కన పెట్టండి. బయటికి వెళ్లే వాక్యం అన్నిటికన్నా ముందు వస్తుంది. అయితే పిల్లల శరీర అవసరంతో ఆటలాడవద్దు, రాకపోతే మీరే అందించి, తిరిగి అనిపించి, పంపేయండి.

పైవాళ్లు అడిగితే

‘రెండు వారాలు ఆటలేనా, సిలబస్ ఎప్పుడు?’ అని కోఆర్డినేటరో తల్లిదండ్రులో అడగవచ్చు. మీ దగ్గర గట్టి జవాబు ఉంది. సీబీఎస్‌ఈలో 20 మార్కులు అంతర్గత మూల్యాంకనానికే. ఇక డెల్ఫ్ (ఫ్రాన్సు విద్యాశాఖ ఇచ్చే ఫ్రెంచి భాషా సర్టిఫికెట్) ఎ1 స్థాయి పరీక్షలో వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం నాలుగింటికీ తలా 25 మార్కులు, మొత్తం 50 వస్తే పాస్, ఏ భాగంలోనూ 5కు తగ్గకూడదు. ఆ పరీక్షలో మాట్లాడే భాగం తనను తాను పరిచయం చేసుకోవడంతో మొదలై, చీటీ మీది మాట చూసి ఎదుటివాళ్లను ప్రశ్న అడగడం, కొట్లో కొనుగోలు లాంటి చిన్న సంభాషణతో ముగుస్తుంది. పేరు కార్డు, ఎవరో కనుక్కో, కొట్టు నాటకం సరిగ్గా ఆ మూడింటికీ తయారీ. ఈ వరుసను ఒక కాగితం మీద రాసి లెసన్ ప్లాన్‌తో కలిపి ముందే ఇచ్చేయండి.

రెండో శుక్రవారం: ఉత్తరం

ఆఖరి పీరియడ్‌లో పిల్లలు మీకు ఐదు నుంచి ఎనిమిది వాక్యాల ఉత్తరం రాయాలి, ఫ్రెంచిలో. తమ గురించి రెండు, ఈ రెండు వారాల్లో తెలుసుకున్న స్నేహితుడి గురించి రెండు, ఈ ఏడాది ఫ్రెంచిలో ఏం చేయాలనుకుంటున్నారో ఒకటి. డిక్షనరీ చూడవచ్చు, పక్కవాళ్లను అడగవచ్చు. రాని మాట దగ్గర తెలుగు మాట పెట్టి కింద గీత గీయవచ్చు, కొత్తవాళ్లు మూడు వాక్యాలతో ఆపవచ్చు.

వీటికి మార్కులు వేయకండి, ఎర్ర ఇంకు వాడకండి. ప్రతి ఉత్తరానికీ ఫ్రెంచిలో రెండు వాక్యాల జవాబు రాసి సోమవారం తిరిగివ్వండి, పిల్ల ఏదైనా ప్రశ్న వేసి ఉంటే దానికి తప్పక జవాబు ఉండాలి. తప్పులను మాత్రం మీ నోట్‌బుక్‌లో వర్గాలుగా రాసుకోండి: ఎత్ర్, అవ్వార్ తికమక ఎందరికి, ఆడ మగ మార్పులు ఎందరికి, గీత గీసిన తెలుగు మాటలు ఏవి. జూన్ ఆఖరులో పుస్తకం తెరిచేటప్పుడు ఏ పాఠం నెమ్మదిగా వెళ్లాలో, ఏది ఒక్క పీరియడ్‌లో దాటేయవచ్చో ఆ జాబితాను బట్టి నిర్ణయించుకోండి. ఉత్తరాలను పిల్లల దగ్గరినుంచి మళ్లీ తీసుకుని దాచండి. మొదటి టర్మ్ అయ్యాక అవే ఉత్తరాలు వాళ్ల చేతికిచ్చి, సొంత తప్పులు వాళ్లనే దిద్దుకోమనాలి.